జీవుల జాబితా వ్రాసిన జెర్డన్ దొర

ఉగాదినాడు పంచాంగం విని, పచ్చడి పుచ్చుకొని, పెద్దలను తలచుకోవడం మన ఆచారం. ఈ ఏడు మేము తలచుకొనే పెద్ద తెలుగువాడు కాడు. అయినా గంజాం, జాల్నా, తిరుచిరాపల్లి, నీలగిరి — మనవారు కాపురమున్న ఈ చోట్లన్నీ తిరిగి, అక్కడి పిట్టలకూ గబ్బిలాలకూ లెక్క వ్రాసిన వైద్యుడు. ఆయనే థామస్ కేవర్‌హిల్ జెర్డన్.

ఆయన 1811లో ఇంగ్లండులో పుట్టి, ఎడింబరోలో చదివి, 1836లో కుంఫిణీవారి వైద్యుడుగా మద్రాసు చేరినారు. మొదటి కొలువు గంజాంలో. జ్వరాలతో, విరేచనాలతో పడివున్న సిపాయిలకు పగలంతా మందులిచ్చి, దొరికిన తీరికలో తూర్పు కనుమల పక్షులను సేకరించేవారు. పేర్లు తేల్చమని వాటిని స్కాట్లండులోని జార్డిన్ పండితునికి పంపితే, ఓడ చేరేసరికి పురుగు పట్టిపోయినవి. మరొకరైతే ఆ పని మానుకొందురు. ఆయన మాత్రం ఇక తన కన్నునే నమ్ముకొని, దక్షిణాపథ పక్షుల పట్టిక తానే తయారుచేసి, 1839 నుండి మద్రాసు పత్రికలో అచ్చువేయించినారు. అందులో 420 జాతులున్నవి.

తరువాత నెల్లూరు జిల్లా వైద్యులైనారు. అడవి మర్మమెరిగిన యానాదులే అక్కడ ఆయనకు గురువులు. వారి నోట విన్న తెలుగు పేర్లు ఆయన గ్రంథాలకెక్కినవి. చెప్పినవారి పేర్లు మాత్రం ఎక్కలేదు. ఆ లోటు మమ్మల్ని నేటికీ బాధిస్తున్నది.

1867లో రూర్కీలో అచ్చయిన ఆయన క్షీరజంతువుల గ్రంథంలో గబ్బిలాలే సుమారు యాభై రకాలు. గబ్బిలం ఇంట దూరితే అరిష్టమని తలుపులు మూసే రోజులవి. ఆయన మాత్రం ఒక్కొక్కదాని చెవి, ముక్కు మీది తోలుమడత, పలువరుస, రెక్క కొలత చూచి జాతులు వేరుచేసినారు. పండ్లు తినేదేది, పురుగులు తినేదేది, పాడుగుళ్లలో ఉండేదేది, చెట్లకు వ్రేలాడేదేది అని విడదీసినారు. ఆ లెక్క అంతటితో ముగియలేదు. నేడు మనదేశంలో నూట ఇరవైకి పైగా గబ్బిలపు జాతులు తెలిసినవి. మన తెలుగువారు తరతరాలుగా ఉన్న కోలారు జిల్లా గుహలలోని ఒక జాతికి 1994లో గాని పేరు పెట్టలేదు.

జెర్డన్ 1868లో కొలువు విరమించి, 1872లో లండనులో కన్నుమూసినారు. ఆయన పేరు మోసే కలివికోడి 1900 తరువాత కనబడక, అంతరించిందనే అనుకొన్నారు. 1986లో కడప జిల్లా చిట్టడవిలో మళ్లీ దొరికింది. దాన్ని చూపినవారు కూడా ఆ ఊరివారే.

పొట్టకూటికి పరాయిచోటికి వచ్చిన ఒక వైద్యుడు, ఆ చోటి జీవులను తనవిగా చూచుకొన్నాడు. మనమూ వలసవచ్చినవారమే. మన పెరటి చింతచెట్టుకు వ్రేలాడే గబ్బిలాయిని మన పిల్లలు తెలుగులో పిలువగలరా? ఈ కొత్త సంవత్సరాన ఒక్క సాయంత్రం వారిని ఆ చెట్టుక్రింద నిలిపి చూపమని మా మనవి.