విన్సెంట్ ఫెర్రర్

విన్సెంట్ ఫెర్రర్ (ఏప్రిల్ 9, 1920 - జూన్ 19, 2009) స్పెయిన్ దేశంలో జన్మించి, అనంతపురం జిల్లా కరువు పల్లెలలో నాలుగు దశాబ్దాల పాటు పనిచేసిన క్రైస్తవ సంఘసేవకుడు, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్.డి.టి.) వ్యవస్థాపకుడు. జిల్లా ప్రజలు ఈయనను ఫాదర్ ఫెర్రర్ అని పిలిచేవారు. విరామమెరుగని పని మధ్యనే దేవునిపై నమ్మకంతో మనశ్శాంతిని పొందిన వ్యక్తిగా ఈయన జీవితం గమనింపదగినది. ఈయన సమాధి బత్తలపల్లెలో ఉన్నది.

తొలి జీవితం

ఫెర్రర్ బార్సిలోనా నగరంలో జన్మించాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో పద్దెనిమిదేళ్ల వయసులో ఎబ్రో నది యుద్ధానికి వెళ్లవలసి వచ్చింది. గణతంత్ర పక్షం ఓడిపోయిన తరువాత నిర్బంధ శిబిరాలలో గడిపాడు. అనంతరం న్యాయశాస్త్రం చదువుతూ, దానిని విడిచి 1944లో రోమన్ కాథలిక్ సన్యాసుల సంఘమైన యేసుసభలో చేరాడు. లొయోలా ఇగ్నేషియస్ స్థాపించిన ఈ సభలో చేరినవారు దాదాపు ముప్పై రోజులు మౌనంగా ధ్యాన సాధన చేస్తారు; ప్రతిదినం కొంతసేపు పని ఆపి ఆత్మపరిశీలన చేసుకుంటారు. అన్ని పనులలోను దేవుని కనుగొనవలెనన్నది ఈ సభ బోధ.

మన్మాడ్, దేశ బహిష్కరణ

1952లో బొంబాయి చేరిన ఫెర్రర్, తరువాత మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల చేత బావులు త్రవ్వించే పని చేపట్టాడు. రైతులు సంఘటితం కావడం స్థానిక పెత్తందారులకు రుచించలేదు. 1968లో ఈయన దేశం విడిచి వెళ్లవలసినదిగా ఉత్తర్వులు వెలువడ్డాయి. దీనికి నిరసనగా వేలాది రైతులు పాదయాత్ర చేశారు. ప్రధాని ఇందిరా గాంధీ జోక్యం చేసుకొని, ఆయన కొద్దికాలం విదేశంలో సెలవు గడిపి తిరిగి రావచ్చునని తెలియజేసింది. సెలవు ఎరుగని మనిషికి ప్రభుత్వమే సెలవు ఇచ్చినట్లయింది.

అనంతపురంలో

1969లో తిరిగి వచ్చిన ఫెర్రర్ అనంతపురంలో స్థిరపడ్డాడు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఈ ప్రాంతం దేశంలోని అత్యల్ప వర్షపాత ప్రాంతాలలో ఒకటి. ఇక్కడ అడుగుపెట్టిన తొలినాళ్లలో తన నివాసపు గోడపై, అద్భుతం కొరకు వేచియుండుమనే అర్థమిచ్చే వాక్యం కనిపించిందని ఈయన చెప్పేవాడు. అయితే ఆ వేచియుండటం చేతులు ముడుచుకొని కూర్చోవడం కాదు. చేయవలసినది చేసి, ఫలితాన్ని గురించిన ఆందోళనను దేవునికి విడిచిపెట్టడమే ఈయన దృష్టిలో నమ్మకం. మంచిపనియే ప్రార్థన అని, చేసిన ఏ మేలూ వృథా కాదని ఈయన భావించాడు.

1970లో యేసుసభను విడిచి, ఆంగ్లేయురాలైన పాత్రికేయురాలు అన్నే పెర్రీని వివాహం చేసుకున్నాడు. ఇరవై ఆరేళ్ల సన్యాస జీవితం ముగిసినా విశ్వాసం సడలలేదు. మఠపు గోడల మధ్య అలవడిన నిశ్చలత ఇక కరువు పల్లెలలో పరీక్షకు నిలిచింది. దంపతులు నడిపిన సంస్థ దళితుల, గిరిజనుల, వెనుకబడిన వర్గాల పల్లెలలో ఇళ్లు, పాఠశాలలు, చెరువులు నిర్మించింది. బత్తలపల్లెలో 2000లో ఆసుపత్రి ప్రారంభమైంది.

పురస్కారం, మరణం

1998లో స్పెయిన్ ప్రిన్స్ ఆఫ్ ఆస్టూరియాస్ పురస్కారం లభించింది. 2009 మార్చిలో పక్షవాతానికి గురైన ఫెర్రర్, జూన్ 19న అనంతపురంలో మరణించాడు. భౌతికకాయాన్ని బత్తలపల్లెలో ఖననం చేశారు. 2022 జిల్లాల పునర్విభజనలో ఈ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది.