నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్: నీరు, చెరకు, ఇంధనం

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి అఫ్జల్‌గంజ్‌ను ముంచెత్తింది. అక్కడి ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభైమంది ప్రాణాలు దక్కించుకున్నారని నగరమంతా ఎరుగును. ఆ విపత్తు తరువాత హైదరాబాదు సంస్థానానికి నీటిని అదుపు చేయడమొక ప్రధాన కర్తవ్యమైంది. ఆ కర్తవ్యానికి తన జీవితాన్ని ధారపోసిన మహనీయుని మనము స్మరించుకొనుట సముచితం.

మీర్ అహమద్ అలీ 1877 జులై 11న హైదరాబాదులో జన్మించారు. నిజాం కళాశాలలో చదివి, ప్రభుత్వ విద్యార్థి వేతనంపై ఇంగ్లండు వెళ్ళి కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగు అభ్యసించారు. 1899లో ప్రజాపనుల శాఖలో చేరి, 1918 నాటికి చీఫ్ ఇంజనీరు అయ్యారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అన్న బిరుదుతోనే లోకం వారిని ఎరుగును. హిమాయత్ సాగర్, పాలేరు, వైరా జలాశయాలు వారి కృషికి సాక్ష్యాలు.

వాటన్నిటిలో మిన్న నిజాంసాగర్. 1923లో మంజీరా నదిపై ఆరంభమై 1931లో పూర్తియైన ఈ ఆనకట్ట సుమారు 2,75,000 ఎకరాల కొరకు ఉద్దేశింపబడినది. కాలువ నీటితో బోధన్ ప్రాంతాన చెరకు విస్తరించింది. 1937లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. చక్కెర తీయగా మిగిలే మడ్డి, అనగా మొలాసిస్, పనికిరాని వస్తువు కాదు. దానిని పులియబెట్టి, బట్టీపట్టి, నీటి అంశను తొలగించినచో పెట్రోలుతో కలుపదగిన ఆల్కహాలు లభిస్తుంది. బోధన్‌లో పవర్ ఆల్కహాలు కర్మాగారం కూడా ఏర్పడింది. 1948లో దేశానికంతటికీ పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది. నేడు ఇథనాలు అని మనము పిలిచేది ఆనాటి పవర్ ఆల్కహాలే.

1938లో నెహ్రూ అధ్యక్షత వహించిన జాతీయ ప్రణాళికా సంఘంలో నదులు, నీటిపారుదల ఉపసంఘానికి అధ్యక్షులైన జంగ్, 1949 డిసెంబరు 6న కన్నుమూశారు. 2014 నుండి వారి జన్మదినమును తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొనుచున్నాము.

వారు నాటిన చెట్టు ఫలాలు ఏమైనవి? నిజాంసాగర్‌లో పూడిక పేరుకుంది. బోధన్ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. అదే సమయాన దేశంలో ఇథనాలుకు గిరాకీ హెచ్చి, 2025 నాటికి పెట్రోలులో 20 శాతం మిశ్రమం సాధ్యమైంది. దిగుమతి చమురు భారము కొంత తగ్గుట, చెరకు రైతుకు మరొక ఆదాయము కలుగుట మేలే. కాని లీటరు ఇథనాలు ఇచ్చే శక్తి పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులే. చక్కెర తీసిన మడ్డి నుండి వచ్చే ఇథనాలు పొదుపు. చెరకు రసాన్నే, మొక్కజొన్న, బియ్యములనే ఇంధనముగా మార్చినచో అది నీటిని, నేలను, అన్నాన్ని పణంగా పెట్టుట. చెరకు నుండి లీటరు ఇథనాలు తీయుటకు పంటకు పట్టే నీటితో కలిపి సుమారు 2,860 లీటర్ల నీరు కావలెనని నీతి ఆయోగ్ 2021 నివేదిక లెక్కగట్టింది.

జంగ్ ప్రతి నదినీ ముందుగా కొలిచి, ఆ పిదపనే దానిపై ఆశలు పెట్టుకున్నారు. ఇంధనపు లెక్క వేసే మన విద్యార్థులు కూడా పెట్రోలు బంకు వద్ద గాక, కాలువ గట్టు వద్దనే ఆ లెక్క మొదలుపెట్టుట మేలు.