ఎడ్మండు హేలీ

తోకచుక్క పేరుతో లోకమెల్ల నెరిగిన ఎడ్మండు హేలీ 1656వ సంవత్సరమున లండను చేరువ నొక ధనికుడగు సబ్బుల వ్యాపారి యింట జన్మించెను. ఆతని గణితప్రతిభను పలువురు కొనియాడియున్నారు. ఏ సాక్ష్యము నెంతవరకు నమ్మవలయునో యాతడు నిర్ణయించుకొనిన విధమును మే మిచట ముచ్చటింప దలచితిమి.

ఇరువదవ యేటనే ఆక్సుఫర్డు చదువు విడిచి సెంట్ హెలీనా ద్వీపమునకు ఓడ నెక్కెను. అచట మబ్బులతో పెనగులాడి 341 దక్షిణ నక్షత్రముల స్థానములను స్వయముగా కొలిచెను. కాని యొక్కని కన్నులు సర్వసముద్రములను చూడజాలవు గదా! అందుచే 1686లో ప్రకటించిన వాయుపటమునకు నావికులు చెప్పిన సంగతులను గూడ గైకొనెను. 1693లో బ్రెస్లా పట్టణపు జననమరణముల పట్టికలనుండి మనుష్యుల ఆయుఃప్రమాణమును గణించెను.

1682 నాటి తోకచుక్కను హేలీ తానే చూచియుండెను. అయినను గ్రీనిచ్ జ్యోతిష్కుడగు ఫ్లాంస్టీడు కొలతలను గూడ కోరి, వానికై న్యూటనుచే అడిగించెను. 1607 నాటిదానికి కెప్లరు వ్రాతలను, 1531 నాటిదానికి అపియాను వ్రాతలను శోధించెను. మూడింటి మార్గములును ఇంచుమించుగ నొక్కటియే. మూడును గ్రహములకు ఎదురుదిక్కున సంచరించినవే. 1456లోను అట్టిదే యొకటి కనబడినట్లు గ్రంథములు చెప్పుచుండెను గాని దాని నెవరును సరిగా కొలిచియుండలేదు. కనుక దానిని తన యూహకు తోడుగా నుంచుకొనెనే గాని లెక్కకు ఆధారముగా గ్రహింపలేదు. హేలీ గొప్పతన మీ వివేకమందే మాకు మిక్కిలిగ గోచరించుచున్నది.

మొదటి యెడము 76 ఏండ్లు, రెండవది 75. ఒకే చుక్కయైనచో ఈ భేదమేల? బృహస్పతి యాకర్షణమే కారణమని తలచి, అది 1758లో మరల వచ్చునని 1705లో ప్రకటించెను. ఆ మాట నిజమగుట చూడవలెనన్న తాను నూరేండ్లకు మించి బ్రదుకవలెను!

ఒక్క విషయమున మాత్రము హేలీని మేము సమర్థింపజాలము. ఫ్లాంస్టీడు ఏండ్ల తరబడి కొలిచిన నక్షత్రపట్టికను, ఇంకను సరిచూడవలెనని యాతడు మొరపెట్టుచుండగనే, 1712లో అచ్చు వేయించెను. ఆ వృద్ధుడు 1716లో దొరకిన ప్రతులను చాలవరకు దహించివైచెను. ఒకరి శ్రమఫలమును వాడుకొనువారికి వారి సమ్మతి యక్కరలేదా?

1718లో ప్రాచీన యవనుల పట్టికలను తన కాలపు కొలతలతో పోల్చి, స్వాతి మొదలగు నక్షత్రములు కదలుచున్నవని హేలీ కనుగొనెను. 1742లో మరణించెను. 1758 డిసెంబరు 25వ తేది రాత్రి, శాక్సనీ దేశమున పాలిచ్ అను వ్యవసాయదారుడు తన దూరదర్శినిలో ఆ చుక్కను చూచెను.