జాన్ పోస్టెల్: వరుస తప్పనివ్వని మనిషి

1969 అక్టోబర్ 29 రాత్రి. లాస్ ఏంజిలిస్‌లోని యూసీఎల్ఏ ల్యాబ్ నుంచి చార్లీ క్లైన్ అనే స్టూడెంట్ స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్‌లోకి లాగిన్ అవ్వాలని చూశాడు. రెండు అక్షరాలు వెళ్లాయో లేదో, అవతలి సిస్టమ్ క్రాష్! సుమారు గంట తర్వాత మళ్లీ ట్రై చేస్తే వెళ్లింది. అంటే ఇంటర్నెట్ కథ మొదలైందే లాగిన్ రీట్రైతో. ఆ ల్యాబ్‌లోనే ఇంకో స్టూడెంట్ ఉండేవాడు. 26 ఏళ్ల జాన్ పోస్టెల్.

1943లో కాలిఫోర్నియాలో పుట్టిన పోస్టెల్ 1974లో యూసీఎల్ఏలోనే పీహెచ్‌డీ చేశాడు. పెద్ద గడ్డం, కాళ్లకు చెప్పులు. నెట్‌వర్క్‌లో ఏ నంబర్ ఎవరిదో లెక్క పెట్టే పనిని తనే నెత్తిన వేసుకున్నాడు. ఆర్‌ఎఫ్‌సీ డాక్యుమెంట్లకు చివరిదాకా ఎడిటర్ ఆయనే. 1981 సెప్టెంబర్‌లో ఆయన ఎడిట్ చేసిన ఆర్‌ఎఫ్‌సీ 793 టీసీపీకి రూపం ఇచ్చింది. అందులో ప్రతి బైట్‌కీ ఒక నంబర్. దారిలో పోతే అదే నంబర్‌తో మళ్లీ పంపాలి. రెండుసార్లు చేరితే ఒకటి పారేయాలి.

మా గార్లదిన్నె వైపు ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ దగ్గర ఇదే రూల్. బిందె పెట్టినామంటే వరుసలో చోటు ఉన్నట్టే. మనిషి ఇంటికి పోయి ఎన్నిసార్లు వచ్చినా బిందె కదలదు.

ఈ పద్ధతి ఇప్పుడు స్టోరేజ్‌లోనూ ఉంది. దూరంలో ఉన్న డిస్క్‌ని టీసీపీ మీద వాడుకునే ప్రోటోకాల్ ఐస్కజీ. ఒక సెషన్‌లో చాలా కనెక్షన్లు ఉండొచ్చు, కాబట్టి టీసీపీ వరుస ఒక్కటే చాలదు. ప్రతి కమాండ్‌కీ మళ్లీ ఒక నంబర్ ఇస్తారు. లాగిన్ రిక్వెస్ట్ కూడా ఆ నంబర్ మోస్తుంది, కానీ ఖర్చు చేయదు. సెషన్‌లో మొట్టమొదటి లాగిన్ 41 మోసిందనుకోండి, ఆ లాగిన్ ముగిసేదాకా వెళ్లే రిక్వెస్ట్‌లన్నిటికీ 41. తర్వాత వెళ్లే మొదటి మామూలు కమాండ్‌కీ 41.

నడుస్తున్న సెషన్‌లోకి కొత్త కనెక్షన్ చేర్చేటప్పుడు లాగిన్ ఫెయిలైందని ఒక డ్రైవర్ నంబర్ పెంచేసిందనుకోండి. స్టోరేజ్ 41 కోసం కూర్చుంటుంది, 42 వచ్చినా ముట్టుకోదు. సర్వర్ బిగుసుకుపోతుంది. అసలు వరుసే లేకపోతే ఇంకా ఘోరం: బ్యాంకులో ఒకరి పాత బ్యాలెన్స్ వచ్చి కొత్త బ్యాలెన్స్ మీద కూర్చోవచ్చు.

గుండె ఆపరేషన్ తర్వాత 1998 అక్టోబర్ 16న, 55 ఏళ్లకే పోస్టెల్ చనిపోయాడు. ఐస్కజీ స్టాండర్డ్ వచ్చింది 2004లో. ఆయన దాన్ని చూడలేదు. కానీ ఆయన కాపాడిన అలవాటు అందులో అలాగే ఉంది: ఎన్నిసార్లైనా మళ్లీ ప్రయత్నించు, లెక్క మాత్రం మార్చకు. మనం రేపు రీట్రై లూప్ రాసేటప్పుడు, కౌంటర్ పెంచే లైన్ ఎక్కడ పెట్టామో ఒకసారి చూసుకుంటే చాలు.