ఇబ్నె ఖల్దూన్: ట్యూనిస్ రేవు పట్నం కన్న చరిత్రకారుడు

ట్యూనిస్ నగరంలో హబీబ్ బూర్గిబా అవెన్యూ అనే పెద్ద రోడ్డుంది. అక్కడ చర్చికి ఎదురుగా, బుర్నూస్ అనే నిలువుటంగీ తొడుక్కుని, చేతిలో పుస్తకం పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దమనిషి విగ్రహం కనిపిస్తుంది. 1978లో జుబైర్ తుర్కీ అనే కళాకారుడు చేశాడు దాన్ని. 2011 జనవరిలో జనం ప్రభుత్వాన్ని దింపడానికి రోడ్డెక్కింది ఈ అవెన్యూ మీదే. ట్యూనీషియా 10 దీనార్ల నోటు మీద కూడా ఒకప్పుడు ఈయన బొమ్మే ఉండేది. ఆయనే అబూ జైద్ అబ్దుర్రహ్మాన్ ఇబ్నె ఖల్దూన్ (రహ్మతుల్లాహి అలైహి). రాజ్యాలు ఎందుకు లేస్తాయి, ఎందుకు కూలుతాయి అని కారణాలు వెతికి, ఆ వెతుకులాటను ఒక శాస్త్రంగా మలచిన ఆలిం.

ఆయన పుట్టింది 1332 మే 27న. హిజ్రీ లెక్కన 732 రంజాన్ ఒకటో తారీఖు. పూర్వీకులు యెమెన్‌లోని హజ్రమౌత్ వాళ్ళు. తర్వాత స్పెయిన్‌లోని ఇష్బీలియాలో, అంటే ఇప్పటి సెవిల్‌లో, తరాల తరబడి పెద్ద పదవుల్లో ఉన్నారు. 1248లో ఆ నగరం క్రైస్తవ రాజుల చేతికి పోయింది. ప్రమాదాన్ని ముందే పసిగట్టిన ఈ కుటుంబం సముద్రం దాటి ఆఫ్రికా ఒడ్డుకు చేరి, చివరికి ట్యూనిస్‌లో స్థిరపడింది. కానీ అక్కడా దర్బారు రాజకీయాలు వదల్లేదు. ముత్తాత హఫ్సీ సుల్తానుల ఖజానా చూసేవాడు, ఒక తిరుగుబాటులో ప్రాణం పోగొట్టుకున్నాడు. బహుశా అందుకేనేమో, తండ్రి దర్బారు వైపు పోకుండా చదువు, ఇబాదత్‌తోనే గడిపాడు.

అప్పటి ట్యూనిస్ గురించి కాస్త చెప్పాలి. ఊరు సరాసరి సముద్రం ఒడ్డున లేదు. మధ్యలో లోతులేని ఉప్పు సరస్సు ఒకటుంది. హల్కుల్ వాదీ అనే చోట అది సముద్రంలో కలుస్తుంది. బాబుల్ బహ్ర్, అంటే సముద్ర దర్వాజా, దగ్గర జెనోవా, వెనిస్, కాటలోనియా వర్తకుల ముసాఫిర్‌ఖానాలుండేవి. ఊరి నడిబొడ్డున జైతూనా జామె మస్జిద్. దాని స్తంభాలు చాలావరకు పక్కనే శిథిలమైపోయిన కార్తేజ్ నుంచి తెచ్చి నిలబెట్టినవి. మస్జిద్ చుట్టూ బజార్లు ఎలా పరుచుకున్నాయో చూస్తే ముచ్చటేస్తుంది. గోడను ఆనుకుని అత్తరు దుకాణాలు, దగ్గర్లోనే పుస్తకాలు అమ్మేవాళ్ళు. వాసన, మురికి ఉండే చర్మాల పని, రంగుల అద్దకం లాంటివి ఊరి అంచులకు. రోమన్ల కాలంలో జగ్వాన్ కొండ నుంచి కార్తేజ్‌కు నీళ్ళు తెచ్చిన కాలువ పాడుబడి ఉంటే, 13వ శతాబ్దంలో సుల్తాన్ ముస్తన్సిర్ దాన్ని బాగుచేయించి ట్యూనిస్‌కు మళ్ళించాడు. నీళ్ళు, మస్జిద్, బజారు, చదువు ఒకదానికొకటి ముడిపడి బతికే ఊరు. నాగరికత అంటే ఏమిటో తర్వాత పుస్తకంలో రాసిన మనిషి, దాన్ని చిన్నప్పుడు మదీనా గల్లీల్లో తిరుగుతూనే చూశాడన్నమాట. యునెస్కో ఆ పాత ఊరిని 1979లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తుర్బతుల్ బే వీధిలో ఆయన పుట్టిన ఇల్లని చూపించే ఇల్లు ఇప్పటికీ ఉంది.

ఖురాన్ హిఫ్జ్, హదీసు, మాలికీ ఫిఖ్హ్, అరబీ వ్యాకరణం అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. 1347లో మొరాకో సుల్తాన్ అబుల్ హసన్ ట్యూనిస్‌ను గెలిచి, వెంట పెద్ద పెద్ద ఉలమాలను తీసుకొచ్చాడు. వారిలో అల్ ఆబిలీ అనే ఉస్తాద్ దగ్గర ఈ కుర్రాడు తర్కం, గణితం, తత్వం చదివాడు. చదువు మంచి ఊపులో ఉండగా ప్లేగు వచ్చింది. 1348-49ల్లో మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న ఊళ్ళన్నిటినీ ఊడ్చేసిన ఆ మహమ్మారి రేవు పట్నాన్ని వదులుతుందా? అమ్మీ అబ్బా ఇద్దరూ పోయారు. ఉస్తాదుల్లో చాలామంది పోయారు. ఆయనకు అప్పుడు 17 ఏళ్ళు. ఊళ్ళు ఖాళీ అయిపోవడం, దారులు చెరిగిపోవడం, ఇళ్ళు పాడుబడిపోవడం గురించి దాదాపు 30 ఏళ్ళ తర్వాత రాసినప్పుడు కూడా ఆ దెబ్బ అక్షరాల్లో తెలుస్తూనే ఉంటుంది.

20 ఏళ్ళ వయసులో మొదటి నౌకరీ దొరికింది. సుల్తాన్ ఫర్మానాల పైభాగంలో అల్లాహ్‌ను స్తుతించే వాక్యాన్ని అందమైన పెద్ద అక్షరాలతో రాయడం ఆ పని. గౌరవం ఉంది గానీ ఆయన మనసుకు అది చాలలేదు. మొరాకోలోని ఫాస్ నగరానికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి 20 ఏళ్ళు చెప్పుకోవాలంటే తల తిరుగుతుంది. ఫాస్‌లో సుల్తాన్ అబూ ఇనాన్ కొలువు, కుట్ర చేశాడన్న అనుమానంతో దాదాపు రెండేళ్ళ జైలు. తర్వాత గ్రెనడా. అక్కడి సుల్తాన్ తరఫున 1364లో క్రైస్తవ రాజు పెడ్రో దగ్గరికి రాయబారిగా వెళ్ళాడు. ఆ రాజు కొలువు తీరింది సెవిల్‌లోనే, తాతముత్తాతల ఊళ్ళోనే. తన దగ్గర ఉండిపోతే పాత ఆస్తులన్నీ తిరిగి ఇస్తానన్నాడు రాజు. ఆయన ఒప్పుకోలేదు. మరుసటి ఏడు బిజాయా రేవు పట్నంలో అమీర్‌కు కుడిభుజం అయ్యాడు. పగలు రాజ్యం పనులు చూసి, మిగిలిన వేళ మస్జిద్‌లో పాఠాలు చెప్పేవాడు. అమీర్ యుద్ధంలో చనిపోతే, ఊరిని గెలిచిన అబుల్ అబ్బాస్‌కు అప్పగించి పక్కకు తప్పుకున్నాడు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆయన మాటిమాటికీ యజమానులను మార్చాడు. ఓడిపోయేవాడి పక్కన నిలబడ్డ సందర్భాలు తక్కువ. అభిమానం కొద్దీ కొందరు దీన్ని కప్పిపెడతారు గానీ, అవసరం లేదు. అధికారం లోపలి నుంచి ఎలా కుళ్ళుతుందో అంత బాగా తెలిసింది ఆ వంటింట్లో మసలినందువల్లే.

1375 నాటికి ఆయన విసిగిపోయాడు. ఇప్పటి అల్జీరియాలో ఉన్న ఇబ్నె సలామా కోటకు భార్యాపిల్లలతో చేరాడు. అక్కడ దర్బారు లేదు, గ్రంథాలయం లేదు. నాలుగేళ్ళు ఉన్నాడు. 1377లో అయిదే అయిదు నెలల్లో 'ముఖద్దిమా' మొదటి ప్రతి పూర్తి చేశాడు. ఉర్దూలో తర్జుమాలు దొరుకుతాయి, మన ఇళ్ళలో పెద్దవాళ్ళు కొందరు చదివే ఉంటారు. అందులో ముఖ్యమైన మాట అసబియ్యత్, అంటే ఒక గుంపును ఒక్కటిగా కట్టి ఉంచే బంధం. కష్టాల్లో బతికే జనంలో ఆ కట్టు గట్టిగా ఉంటుంది, వాళ్ళు రాజ్యం గెలుస్తారు. సుఖానికి అలవాటు పడ్డాక కట్టు సడలుతుంది. మూడు తరాలు తిరిగేసరికి రాజ్యం వేరేవాళ్ళ చేతికి పోతుంది. పన్నులు తక్కువగా ఉంటే జనం ఇష్టంగా పని చేస్తారు, ఖజానా నిండుతుంది, పన్ను పెంచినకొద్దీ రాబడి తగ్గుతుందన్నాడు. రాజు వ్యాపారంలోకి దిగితే వర్తకుడు చచ్చిపోతాడన్నాడు. పిల్లల్ని కొట్టి చదివిస్తే వాళ్ళకు అబద్ధం, నటన అలవాటవుతాయని కూడా రాశాడు. 600 ఏళ్ళ కిందటి మాటలివి. ట్యూనిస్ వాళ్ళ చేతిరాత మీద స్పెయిన్ నుంచి కాందిశీకులై వచ్చినవాళ్ళ రాత ముద్ర ఎలా పడిందో కూడా అందులో చెప్పాడు, తనదీ అలాంటి కుటుంబమే కదా.

పెద్ద చరిత్ర పూర్తి చేయాలంటే కితాబులు కావాలి. కితాబులు ట్యూనిస్‌లో ఉన్నాయి. 1378లో, దాదాపు పాతికేళ్ళ తర్వాత, సొంత ఊరికి తిరిగొచ్చాడు. అప్పటికి ట్యూనిస్ సుల్తాన్ ఎవరనుకున్నారు? బిజాయాను గెలిచిన ఆ అబుల్ అబ్బాసే. పుస్తకం ప్రతిని సుల్తాన్‌కు సమర్పించాడు. విద్యార్థులు ఆయన పాఠాలకు ఎగబడ్డారు. అదే ముప్పు తెచ్చింది. జైతూనా ఇమామ్, పెద్ద ముఫ్తీ ఇబ్నె అరఫాకు ఇది మింగుడుపడలేదు. సుల్తాన్ చెవిలో మాటలు పడుతూ వచ్చాయి. చివరికి హజ్‌కు వెళ్తానని అనుమతి అడిగి, 1382లో అలెగ్జాండ్రియా ఓడ ఎక్కాడు. పుట్టిన ఊరిని చూడటం అదే ఆఖరు. భార్యాపిల్లలు వెనకే ఉండిపోయారు.

కైరో ఆయనను నెత్తిన పెట్టుకుంది. అల్ అజ్హర్‌లో పాఠాలు చెప్పాడు. సుల్తాన్ బర్ఖూఖ్ 1384లో మాలికీ ప్రధాన ఖాజీగా నియమించాడు. ఈజిప్టు ఖాజీల దుస్తులు వేసుకోకుండా తన మగ్రిబీ బుర్నూస్‌లోనే తిరిగాడంటారు. కోర్టులో చూస్తే దొంగ సాక్షులు, దొంగ దస్తావేజులు. వక్ఫ్ ఆస్తుల్ని కాగితాల మాయతో అమ్మేసేవాళ్ళు, వాళ్ళ వెనక అమీర్ల అండ. వక్ఫ్ భూముల గోడు మనకు కొత్తదేమీ కాదు కాబట్టి ఆ సీను ఊహించుకోవడం కష్టం కాదు. ఆయన సిఫారసు వినలేదు. పేదవాడినీ పెద్దవాడినీ ఒకేలా చూశాడు. అబద్ధపు సాక్షుల్ని శిక్షించాడు. శత్రువులు చుట్టూ మూగారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ వార్త వచ్చింది. కుటుంబాన్ని పంపించమని బర్ఖూఖ్ స్వయంగా ట్యూనిస్ సుల్తాన్‌కు రాశాడు. వాళ్ళు ఓడెక్కారు. అలెగ్జాండ్రియా దగ్గర్లోకి వచ్చాక తుఫానుకు ఓడ మునిగిపోయింది. భార్యాపిల్లలు, సామాను, డబ్బు అంతా సముద్రం పాలు. 17 ఏళ్ళకు ప్లేగు తల్లిదండ్రుల్ని తీసుకుపోతే, 52 ఏళ్ళకు సముద్రం సంసారాన్ని తీసుకుపోయింది. మనిషి కుంగిపోయాడు. పదవి పోయినప్పుడు బాధపడలేదు, బరువు దిగిందనుకున్నాడు. 1387లో హజ్ చేసి వచ్చాడు.

మరో ఘట్టం చెప్పకుండా వదల్లేం. 1401లో తైమూర్ డమాస్కస్‌ను ముట్టడించాడు. అంతకు కొద్ది ఏళ్ళ ముందు, 1398లో, ఢిల్లీని నేలమట్టం చేసిన తైమూరే. కైరో సుల్తాన్ సైన్యంతో వచ్చి మధ్యలోనే వెనుదిరిగాడు, వెంట వచ్చిన ఇబ్నె ఖల్దూన్ ఊళ్ళో చిక్కుకుపోయాడు. 68 ఏళ్ళ ముసలాయన్ని తాళ్ళతో కోటగోడ మీంచి కిందికి దించారు. తైమూర్ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళకూడదని ఖురాన్ ప్రతి, జానమాజ్, ఖసీదా బుర్దా ప్రతి, నాలుగు పెట్టెల కైరో మిఠాయిలు పట్టుకెళ్ళాడు. తైమూర్ అడిగితే మగ్రిబ్ దేశాల గురించి రాసిచ్చాడు కూడా. ఆయన గాడిదను, అంటే సవారీ కంచర గాడిదను, తైమూర్ కొంటానంటే ఊరికే ఇచ్చేశాడు. ఆ డబ్బు తర్వాత కైరోకు వచ్చింది. సుల్తాన్ అనుమతి తీసుకున్నాకే దాన్ని ముట్టుకున్నాడు. డమాస్కస్‌ను మాత్రం ఎవరూ కాపాడలేకపోయారు, ఉమయ్యద్ జామె మస్జిద్ దాకా మంటలు చేరాయి. తిరిగొచ్చే దారిలో దొంగలు ఆయన్ని ఒంటి మీది బట్టలతో సహా దోచుకున్నారు.

ఖాజీ పదవి పోతూ, మళ్ళీ వస్తూ మొత్తం ఆరుసార్లు ఆయనకు దక్కింది. ఆరోసారి నియమించిన కొన్నాళ్ళకే, 1406 మార్చి 17న, ఆయన వఫాత్ అయ్యారు. అది కూడా రంజాన్ నెలే, ఆఖరి రోజులు. కైరోలో బాబున్ నస్ర్ బయట సూఫీల ఖబ్రస్తాన్‌లో దఫన్ చేశారు. ఖబ్ర్ ఎక్కడో ఇప్పుడు గుర్తు లేదు.