గడువులోపల ఒక నవల, ఒక సంసారం

పేరుపొందిన రచయితలకు కావలసినంత తీరిక ఉండేదనీ, సంసారపు చీకూచింతా వారి గది గడప దాటి లోపలికి వచ్చేవి కావనీ మన విద్యార్థులలో చాలామంది భావిస్తూ ఉంటారు. రష్యన్ నవలాకారుడు ఫ్యోదర్ దొస్తొయెవ్‌స్కీ జీవితాన్ని పరిశీలిస్తే ఈ అభిప్రాయం ఎంత పొరపాటో బోధపడుతుంది. అప్పులు, గడువులు, వ్యాధి, పండుగలు, ప్రార్థన, పసిబిడ్డల జననమరణాలు, వీటి నడుమనే ఆయన తన మహానవలలను వ్రాశారు. అయితే ఆ గడువులను ఆయన ఒక్కరే నెగ్గుకురాలేదు. ఆ సంగతినే మేమిక్కడ మా శక్తిమేరకు వివరింపదలచాము. ఇందులో రష్యాలో జరిగిన సంఘటనల తేదీలు ఆనాటి రష్యా పంచాంగాన్ని అనుసరించినవి.

దొస్తొయెవ్‌స్కీ 1821 అక్టోబరు 30న మాస్కో నగరంలో, పేదల ఆసుపత్రిలో పనిచేసే ఒక వైద్యుని ఇంట జన్మించారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో సైనిక ఇంజనీరింగు విద్య పూర్తిచేసి, కొద్దికాలానికే ఉద్యోగం వదలి రచనావ్యాసంగంలో ప్రవేశించారు. 1846లో వెలువడిన "పేదజనం" అనే తొలి నవల ఆయనకు కీర్తి తెచ్చింది. కాని ప్రభుత్వానికి గిట్టని భావాలను చర్చించే ఒక బృందంలో చేరినందుకు 1849 ఏప్రిల్‌లో ఆయనను నిర్బంధించారు. డిసెంబరు 22న ఖైదీలను వధ్యస్థలానికి తీసుకుపోయి, మొదటి ముగ్గురిని స్తంభాలకు కట్టి తుపాకులు ఎక్కుపెట్టిన తరువాత, చక్రవర్తి మరణశిక్షను రద్దుచేసినట్లు ప్రకటించారు. దొస్తొయెవ్‌స్కీకి నాలుగేండ్ల కఠినశిక్ష, ఆపైన సైన్యంలో సేవ విధించారు. డిసెంబరు 24 అర్ధరాత్రి, క్రిస్మస్ ప్రవేశించే వేళకు, కాళ్ళకు సంకెళ్ళు బిగించి మంచుబండిలో సైబీరియాకు పంపారు. పండుగ దీపాలతో వెలుగుతున్న ఇండ్ల ముందునుంచి ఆ బండి సాగిపోయింది. నాలుగేండ్ల తరువాత చెర విడిచిన వెంటనే అన్నకు వ్రాసిన లేఖలో కూడ ఆయన ఆ దీపాలను తలచుకున్నారు.

దారిలో తొబోల్స్‌క్ పట్టణంలో, పూర్వపు రాజకీయ ఖైదీల భార్యలు ఆయనకు కొత్త నిబంధన గ్రంథం ఒకటి బహూకరించారు. ఆ ప్రతి జీవితాంతం ఆయన వెంట ఉన్నది. ఓమ్‌స్క్ కారాగార జీవితంపై తరువాత ఆయన వ్రాసిన "మృతగృహ స్మృతులు"లో మన పాఠకులకు ప్రీతికరమైన ఘట్టమొకటి ఉన్నది. దాగిస్తాన్‌కు చెందిన అలీ అనే ముస్లిం యువకునికి కథకుడు ఆ గ్రంథం సాయంతోనే రష్యన్ చదవడం నేర్పుతాడు. అలీ అన్నలు ఆ పాఠం విని, ఈసా దైవప్రవక్త అనీ, మట్టితో పిట్టను చేసి ఊపిరి ఊదగా అది ఎగిరిపోయిందనీ, తమ గ్రంథంలోనూ ఈ మాట ఉన్నదనీ సంతోషంతో చెబుతారు. ఖుర్‌ఆన్ ఎరిగినవారికి ఈ ప్రస్తావన సుపరిచితమే. చెర వీడిన దొస్తొయెవ్‌స్కీ తనకు పంపవలసిన పుస్తకాలలో ఖుర్‌ఆన్‌ను కూడ పేర్కొన్నారు. సెమిపలాతిన్‌స్క్‌లో సైనికుడుగా ఉండగా కజఖ్ పండితుడు చోకన్ వలిఖానోవ్ ఆయనకు ఆప్తమిత్రుడయ్యాడు. అయినా 1870ల చివర రష్యా తుర్కీ యుద్ధకాలంలో ఇస్తాంబుల్ రష్యాకే చెందాలని ఆయనే వాదించారు. మహనీయులలోని లోపాలను కప్పిపుచ్చడం చరిత్ర చదివేవారికి తగదు కనుక ఈ మాట కూడ చెబుతున్నాము.

1859 డిసెంబరులో పీటర్స్‌బర్గ్‌కు తిరిగివచ్చిన తరువాత, అన్న మిఖయీల్‌తో కలసి పత్రికలు నడిపారు. 1864లో మూడు నెలల వ్యవధిలో మొదటి భార్య, ఆపైన అన్న మరణించారు. పత్రిక అప్పులూ, అన్న కుటుంబ భారమూ ఆయన తలపై పడ్డాయి. అప్పులవాళ్ళు జైలుకు పంపుతామని బెదిరిస్తున్న సమయంలో, 1865లో, స్తెల్లోవ్‌స్కీ అనే ప్రచురణకర్తతో మూడు వేల రూబుళ్ళకు ఒప్పందం చేసుకున్నారు. 1866 నవంబరు 1లోగా ఒక కొత్త నవల ఇవ్వాలి. ఇవ్వలేకపోతే తొమ్మిదేండ్లపాటు ఆయన ఏమి వ్రాసినా స్తెల్లోవ్‌స్కీ దమ్మిడీ చెల్లించకుండా అచ్చువేసుకోవచ్చును. ఆ సంవత్సరమంతా "నేరము శిక్ష" ధారావాహికగా వెలువడుతూ ఉన్నది. సెప్టెంబరు ముగిసేసరికి కొత్త నవలలో ఒక్క పంక్తి కూడ వ్రాయలేదు. మిత్రులు తలా ఒక భాగం వ్రాసి ఇస్తామన్నారు. ఇతరుల రచనపై తన పేరు పెట్టుకోవడానికి ఆయన అంగీకరించలేదు.

అప్పుడు షార్టుహ్యాండు నేర్చిన యువతి ఒకరు ఆయన ఇంటికి వచ్చింది. ఆమె పేరు ఆన్నా గ్రిగోర్యెవ్నా, వయస్సు ఇరవై. అక్టోబరు 4న పని ప్రారంభమైంది. రాత్రివేళ ఆయన కథను సిద్ధం చేసుకొని, మధ్యాహ్నం ఆమెకు చెప్పి వ్రాయించేవారు. ఆమె ఇంటికి పోయి రాత్రికి సాఫు ప్రతి తయారుచేసి మరునాడు తెచ్చేది. 26 రోజులలో, అక్టోబరు 29 నాటికి, "జూదరి" నవల పూర్తయింది. గడువు చివరిరోజున స్తెల్లోవ్‌స్కీ ఊరిలో లేడు. అతని గుమాస్తా వ్రాతప్రతిని తీసుకోవడానికి నిరాకరించాడు. దొస్తొయెవ్‌స్కీ దానిని పోలీసు ఠాణాలో దాఖలుచేసి, గడువు మరికొద్ది గంటలలో తీరుతుందనగా రశీదు పొందారు.

1867 ఫిబ్రవరి 15న వారి వివాహం జరిగింది. క్రైస్తవుల పెద్ద ఉపవాసానికి ముందు రష్యాలో ఒక వారం విందువినోదాలతో పండుగ చేసుకుంటారు. ఆ వారంలో కొత్త దంపతులు బంధువుల ఇండ్లకు తిరిగారు. చివరిరోజున ఆయనకు వరుసగా రెండుసార్లు మూర్ఛ వచ్చింది. ఆన్నా భయపడినా విడిచిపెట్టలేదు. బంధువుల పోరు, అప్పులవాళ్ళ తాకిడి తప్పించడానికి తన సారె సామాను, పియానో తాకట్టు పెట్టి భర్తను విదేశాలకు తీసుకుపోయింది. అక్కడ ఆయనకు జూదపు వ్యసనం మరల పట్టుకున్నది. ఆమె దుస్తులు, ఉంగరాలు కూడ తాకట్టుకు పోయాయి. 1868లో జెనీవాలో పుట్టిన తొలిబిడ్డ సోన్యా మూడు నెలలైనా నిండకముందే కన్నుమూసింది. ఆ దుఃఖంలోనే "ఇడియట్" నవల భాగాలను పత్రికకు పంపుతూ ఉండవలసివచ్చింది. 1871లో ఆయన జూదాన్ని శాశ్వతంగా మానివేశారు.

ఆ ఏడే స్వదేశానికి వచ్చాక ఇంటి లెక్కలన్నీ ఆన్నా చేతిలోకి తీసుకున్నది. 1872 చివర ఒక ప్రక్క "భూతాలు" నవలను సొంతంగా ప్రచురించే ఏర్పాట్లు సాగుతూ ఉండగా, మరొక ప్రక్క క్రిస్మస్‌కు పిల్లల కోసం ఆయన స్వయంగా చెట్టును అలంకరించారు. జనవరిలో 3500 ప్రతులు వెలువడ్డాయి. రాత్రంతా వ్రాసి ప్రొద్దెక్కి లేచే ఆ రచయిత నిద్రలో ఉండగానే, ముందుగదిలో ఆమె పుస్తక వర్తకులతో బేరాలు మొదలుపెట్టింది. పాత అప్పులు ఆయన మరణానికి సుమారు ఏడాది ముందుగాని పూర్తిగా తీరలేదు.

1878 మేలో మూడేండ్లయినా నిండని కుమారుడు అల్యోషా మూర్ఛతో మరణించాడు. తన వ్యాధే బిడ్డకు సంక్రమించిందని తండ్రి కుమిలిపోయారు. భర్తను ఓప్తినా మఠానికి తీసుకువెళ్ళవలసినదిగా ఆన్నా ఒక యువమిత్రుని కోరింది. అక్కడ వృద్ధసాధువు అంవ్రోసీ చెప్పిన ఊరట మాటలు "కరమజోవ్ సోదరులు"లో, బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లిని గురువు ఓదార్చే ఘట్టానికి ఆధారమయ్యాయి. 1880లో పూర్తయిన ఆ నవలను ఆయన భార్యకే అంకితమిచ్చారు. 1881 జనవరి 28న, తొబోల్స్‌క్ నాటి గ్రంథాన్ని కుమారునికి అప్పగించి పరమపదించారు. ఆన్నా మరల పెండ్లాడలేదు. 1918లో మరణించేవరకు భర్త రచనల ప్రచురణకూ, సంరక్షణకూ పాటుపడింది.

ఈ చరిత్రలో మన కళాశాలకు పనికివచ్చే సంగతి ఉన్నదని మా నమ్మకం. చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు తక్కువ కనుక రంజాను నెల కొన్నేండ్లకొకసారి పరీక్షల కాలంలో వస్తుంది. అప్పుడు ఉపవాసమా చదువా, పండుగా పరీక్షా అని విద్యార్థులు తల్లడిల్లుతారు. దొస్తొయెవ్‌స్కీ తన విశ్వాసాన్నీ, ఇంటినీ ప్రక్కకు నెట్టి గడువును గెలువలేదు. ఇంటిలో మరొకరు భారం పంచుకున్నారు గనుక గెలిచారు. అలా పంచుకోవడానికి ఆమెకు ప్రేమతోపాటు విద్య కూడ ఉన్నది. ఆన్నా షార్టుహ్యాండు నేర్వకుండా ఇంటిపట్టున ఉండిపోయి ఉంటే, తొమ్మిదేండ్ల రచన పరుల పాలయ్యేది. కుమార్తెల చదువు పెండ్లితో ఆగిపోవచ్చునని తలచే తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతిని ఆలోచింపగోరుతున్నాము. సహరీవేళ నిద్రమాని వంటచేసి మనలను పరీక్షకు పంపే తల్లులనూ, అక్కచెల్లెండ్రనూ ఫలితాలు వచ్చిన రోజున విద్యార్థులు మరువకుందురుగాక.