కొట్టినవాడి తల మీద చెయ్యి పెట్టిన బిషప్

డ్యూటీ నుంచి లారీలో డార్మిటరీకి పోతూ చదువుకునేవాళ్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. అందుకే ఈ వారం దూరదేశం సంగతి వద్దనుకున్నాను. మనం నిలబడిన ఈ సింగపూర్ నేల మీదే జరిగిన ఒక జీవితం చెప్తాను. ఆయన పేరు జాన్ లియొనార్డ్ విల్సన్. బిషప్ విల్సన్ అంటారు.

సిటీ హాల్ ఎంఆర్‌టీ స్టేషన్ నుంచి పైకి రాగానే తెల్లటి పెద్ద చర్చి కనబడుతుంది కదా, సెయింట్ ఆండ్రూస్ కెథెడ్రల్. దాని ముందు ఫోటో దిగని మనవాళ్లు తక్కువ. దాన్ని 1856లో మొదలుపెట్టి 1861 నాటికి ఆరాధన జరిగేట్టు కట్టారు. కట్టిన కూలీలు ఎవరో తెలుసా? ఇండియా నుంచి శిక్షపడి ఇక్కడికి తెచ్చిన ఖైదీలు. ఆ గోడలకు పూసింది మద్రాస్ చునాం, అంటే మన సున్నమే. గవ్వల సున్నంలో కోడిగుడ్ల తెల్లసొన, ముతక చక్కెర వేసి దంచి, కొబ్బరిపీచు నానబెట్టిన నీళ్లు కలిపి పూశారు. సెంట్రింగ్, ప్లాస్టరింగ్ పని చేసే తమ్ముళ్లు ఈసారి వెళ్తే గోడ మీద చెయ్యి పెట్టి చూడండి.

ఆ చర్చికే విల్సన్ గారు 1941లో బిషప్‌గా వచ్చారు. ఇంగ్లాండ్ మనిషి, 1897లో పుట్టారు. అంతకుముందు హాంకాంగ్‌లో పెద్ద చర్చికి డీన్‌గా ఉన్నారు. వచ్చిన కొన్ని నెలలకే యుద్ధం. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ సైన్యం చేతికి పోయింది. ఆ చివరి రోజుల్లో చర్చిలోనే దెబ్బలు తగిలినవాళ్లను పడుకోబెట్టి ఆసుపత్రి చేశారు.

తెల్లవాళ్లందరినీ జైల్లో వేశారు గానీ విల్సన్ గారిని దాదాపు సంవత్సరం బయటే తిరగనిచ్చారు. కారణం ఒక జపాన్ ఆఫీసరే. ఒగావా అని, క్రైస్తవుడు. చర్చిలు నడవాలని అడ్డుపడి సాయం చేశాడు. అందుకే ఫలానా దేశంవాడంటే ఇంతే అని మనం నోరు పారేసుకోకూడదు. బిషప్ గారు ఆ సంవత్సరం ఊరికే కూర్చోలేదు. తనను ఎప్పుడైనా తీసుకుపోతారని తెలుసు కాబట్టి చెల్లయ్య గారి లాంటి ఆసియా పాస్టర్లకు సంఘం బాధ్యతలు అప్పజెప్పారు. 1943 మార్చిలో ఆయన్ను కూడా చాంగీ జైలుకు పంపారు.

అదే సంవత్సరం సెప్టెంబర్ చివర్లో కొందరు కమాండోలు చిన్న పడవల్లో వచ్చి సింగపూర్ రేవులో ఓడలకు బాంబులు అంటించి పేల్చి వెళ్లిపోయారు. చాంగీ జైల్లో ఉన్నవాళ్లే కబురు పంపి చేయించారని జపాన్ మిలిటరీ పోలీసులు అనుకున్నారు. వాళ్లను కెంపెయిటాయ్ అంటారు. నిజానికి జైల్లో వాళ్లకు దానితో ఏ సంబంధమూ లేదు. అయినా అక్టోబర్ 10న జైలు మీద పడ్డారు. పదో నెల పదో తారీకు గనక దాన్ని డబుల్ టెన్త్ అంటారు. మొత్తం 57 మందిని తీసుకుపోతే 15 మంది చచ్చిపోయారు. తీసుకుపోయినవాళ్లలో బిషప్ గారు ఒకరు.

ఆయన్ను పెట్టిన చోటు ఆర్చర్డ్ రోడ్డు మొదట్లో ఉన్న వైఎంసీఏ బిల్డింగ్. యువకుల్ని దేవుని మార్గంలో పెంచడానికి కట్టిన ఇల్లు, దాన్నే చిత్రహింసల ఇల్లు చేశారు. చిన్న గదిలో కిక్కిరిసి మనుషులు. రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంటుంది. మాట్లాడితే దెబ్బ. కాళ్లు చాపితే దెబ్బ.

గూఢచారివని ఒప్పుకోమని ఆయన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, మోకాళ్ల వెనక ఇనుప కమ్మీ పెట్టారు. మరునాడు బల్లకు కట్టేసి ముడులు వేసిన తాళ్లతో కొట్టారు. రెండు వందలకు పైగా దెబ్బలు. ఒకసారైతే ఏడుగురు వంతులు వేసుకున్నారు, ఒకడు అలిసిపోతే ఇంకొకడు.

అన్నలారా, ఇక్కడ కొంచెం ఆగండి. మనం స్టేజీ ఎక్కి శత్రువులను ప్రేమించాలని ఎన్నిసార్లు ప్రసంగం చేశాం? మత్తయి ఐదో అధ్యాయం నాకు కంఠతా వచ్చు. కానీ విల్సన్ గారు తర్వాత దాచకుండా చెప్పిన సంగతి ఏంటంటే, సిలువ మీద ప్రభువు చేసిన క్షమాపణ ప్రార్థన ఆయనకు గుర్తుకు వచ్చిందిగానీ మనసుతో చెయ్యడం ఆయన వల్ల కాలేదు. ఎదురుగా ఉన్న ఆ ముఖాలు అంత కఠినంగా ఉన్నాయి. కొట్టడంలో వాళ్లకు సంతోషం కూడా కనబడుతుంది. అప్పుడు ఆయన వాళ్లను చిన్నపిల్లలుగా ఊహించుకున్నారు. వీళ్లు కూడా ఒకప్పుడు అమ్మానాన్నల దగ్గర, అన్నదమ్ములతో అక్కచెల్లెళ్లతో ఆడుకున్న పసిపిల్లలే కదా అని. పసిపిల్లల మీద పగ పట్టడం కష్టం. అది కూడా సరిపోలేదట. అప్పుడు ప్రభువు మారిస్తే వీళ్లు ఎలా అవుతారో అలా చూడటం మొదలుపెట్టారు. ప్రార్థన అప్పుడు వచ్చింది.

ఇంకా నీ దేవుణ్ణి నమ్ముతున్నావా అని వాళ్లు అడిగితే నమ్ముతున్నానన్నారు. మరి ఎందుకు విడిపించట్లేదంటే, విడిపిస్తున్నాడు, నొప్పి తీసెయ్యడం ద్వారా కాదు, ఓర్చుకునే ఆత్మ ఇవ్వడం ద్వారా అని జవాబు చెప్పారు.

గది వెనక చిన్న కిటికీ ఉండేది. అందులోంచి ఎర్రటి పూల చెట్టు, పసుపు పిట్ట పాట, చెట్టు వెనక వెస్లీ చర్చి పైభాగం. ఆయనకు ఆ నెలల్లో కనబడిన, వినబడిన లోకం అంతే. అదే గదిలో ఒక చైనీస్ ఖైదీకి బాప్తిస్మం ఇచ్చారు. దాదాపు ఎనిమిది నెలలకు, నేరం ఏమీ దొరక్క, తిరిగి క్యాంపుకు పంపారు.

ఇప్పుడు నా సంగతి చెప్పకపోతే నేను వేషధారినైతాను. గల్ఫ్‌లో ఉన్నప్పుడు మా క్యాంపులో ఒక సూపర్‌వైజర్ ఉండేవాడు. మా బాపు చనిపోయాడని ఇంటి నుంచి ఫోన్ వచ్చిన రోజు పాస్‌పోర్ట్ అడిగితే, పదిమంది ముందర చెంప మీద కొట్టి మళ్లీ పనికి పంపాడు. మట్టి వెయ్యడానికి కూడా పోలేకపోయాను. ఒక్క చెంపదెబ్బ. దాన్ని నేను పదహారేండ్లు మోసిన. వాక్యం చెప్పడం మొదలుపెట్టిన తర్వాత కూడా మోసిన. ప్రార్థనలో వాని ముఖం వస్తే కళ్లు తెరిచేవాణ్ణి. యాకోబు పత్రిక రెండో అధ్యాయం మీద, క్రియలు లేని విశ్వాసం మీద నేను చెప్పిన ప్రసంగానికి మస్తు మంది ఏడ్చిన్రు. నా ఫోన్‌లో వాని నంబరు మాత్రం బ్లాక్‌లోనే ఉంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. క్షమించడం అంటే జీతం వదిలెయ్యమని కాదు. క్షమించు తమ్ముడూ అని చెప్పి కంప్లైంట్ వెయ్యకుండా ఆపే పెద్దమనుషులు మనలోనే ఉన్నారు, వాళ్లు ఏజెంట్‌కు దగ్గరవాళ్లై ఉంటారు కూడా. పైసలు రాకపోతే మినిస్ట్రీ ఆఫ్ మ్యాన్‌పవర్‌కు చెప్పండి, అది మీ హక్కు. ఆ డబుల్ టెన్త్ కేసు కూడా 1946లో ఇదే సింగపూర్‌లో కోర్టుకు వచ్చింది. 21 మంది మీద విచారణ జరిగితే ఎనిమిది మందికి ఉరిశిక్ష పడింది, ఏడుగురిని వదిలేశారు. కోర్టు పని కోర్టు చేసింది.

బిషప్ గారి పని వేరేగా ఉండింది. 1945లో విడుదలై మళ్లీ అదే తెల్ల చర్చిలో సేవ మొదలుపెట్టారు. తర్వాత ఒకరోజు కన్ఫర్మేషన్ ఆరాధన వచ్చింది. సీఎస్‌ఐ వాళ్లకు తెలుసు, బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ముందుకు వచ్చి మోకరిస్తే బిషప్ తల మీద చేతులుంచి ప్రార్థిస్తారు. ఆయన చేతుల కింద అలా మోకరించిన వాళ్లలో ఒకడు, ఒకప్పుడు తాడు పట్టుకుని ఆయన ముందు నిలబడ్డ జపాన్ మనిషి. బల్ల మీద పడుకుని ఆయన ఊహలో చూసిన ముఖం ఇప్పుడు నిజంగా ఎదురుగా ఉంది. ఆ తల మీద ఆ చేతులే పెట్టారు.

ఆ పైన ఇంగ్లాండ్ వెళ్లి 1953 నుంచి బర్మింగ్‌హామ్‌కు బిషప్‌గా ఉన్నారు, 1970లో చనిపోయారు. ఆయన బిడ్డ సుజన్ గారు కూడా పాస్టరమ్మ అయి, 1998లో లోకంలోని ఆంగ్లికన్ బిషప్‌లందరూ కూడిన లాంబెత్ సభలో, హిరోషిమా మీద బాంబు పడిన ఆగస్టు 6వ తారీకున, వాళ్ల నాన్న సంగతి చెప్పారు. ఆ సభలో జపాన్ బిషప్‌లు కూడా ఉన్నారు.

పాత వైఎంసీఏ బిల్డింగ్‌ను 1981లో పడగొట్టారు. అదే చోట కొత్తది ఉంది. ధోబీ ఘాట్ స్టేషన్‌లో దిగితే నడిచే దూరమే, బయట గుర్తుగా పలక పెట్టారు. పక్కన వెస్లీ చర్చి అట్లనే ఉంది. పోయిన ఆదివారం నేను ఒక్కణ్ణే వెళ్లి ఆ పలక దగ్గర నిలబడిన. తెక్కా నుంచి తెచ్చుకున్న పెరుగన్నం పొట్లం చేతిలోనే ఉంది, తినబుద్ధి కాలేదు. ఆ సూపర్‌వైజర్‌ను చిన్నపిల్లాడిగా ఊహించుకోవాలని చూసిన. మొదట రాలేదు. తర్వాత వానికి ఎప్పుడూ సరిపోని యూనిఫాం చొక్కా గుర్తొచ్చింది, చేతులు పొడుగు, మడతపెట్టుకునేవాడు. అన్న చొక్కా తొడుక్కున్న పిల్లాడిలాగా ఉండేవాడు.

అక్కడే నంబరు అన్‌బ్లాక్ చేసిన. మెసేజ్ ఇంకా పెట్టలే. నా కోసం ప్రార్థన చెయ్యండి.